పక్కన ఎవరున్నారన్నదే లెక్క

సికింద్రాబాద్ నుంచి తార్నాక, ఉప్పల్ మీదుగా భువనగిరికి పోయే దారిలో, హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంటుంది. కొత్త ప్రొటీన్ మీద పని మొదలుపెట్టేవాళ్లు ఏ దేశంలో ఉన్నా తరచూ చూసుకునే ఒక అంకె అక్కడ పుట్టింది. దాని పేరు అస్థిరతా సూచిక.

కణంలో కొన్ని ప్రొటీన్లు నిమిషాల్లో నశిస్తాయి, కొన్ని రోజుల తరబడి నిలుస్తాయి. ఈ తేడా ఎందుకన్నదానికి 1986లో రెండు జవాబులు వచ్చాయి. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు మొదట్లో ఏ అమైనో ఆమ్లం ఉందన్నదాన్ని బట్టి ఆయుష్షు మారుతుందని అలెగ్జాండర్ వార్షావ్‌స్కీ బృందం ఈస్టులో చూపించింది. ప్రొలిన్, గ్లుటామిక్ ఆమ్లం, సెరిన్, త్రియోనిన్ ఎక్కువగా ఉన్న భాగాలుంటే ప్రొటీన్ త్వరగా పోతుందని మార్టిన్ రెచ్‌స్టైనర్ బృందం చెప్పింది. రెండూ గొలుసులో ఏదో ఒక చోటును పట్టుకున్నవే.

సీసీఎంబీలో కె. గురుప్రసాద్, బి.వి.బి. రెడ్డి, ఎం.డబ్ల్యూ. పండిట్ గొలుసు మొత్తాన్ని జంటలు జంటలుగా చదివారు. అమైనో ఆమ్లాలు 20 రకాలు కాబట్టి జంటలు 400. అస్థిరమైనవి 12, స్థిరమైనవి 32 ప్రొటీన్లు తీసుకుని, ఏ జంట ఎటువైపు ఎక్కువ పడుతోందో లెక్కగట్టి ఒక్కోదానికి ఒక్కో విలువ ఇచ్చారు. ఫలితం 1990లో ‘ప్రొటీన్ ఇంజినీరింగ్’ పత్రికలో అచ్చయింది.

ఆ పట్టికలో అలనిన్ తర్వాత సిస్టీన్ వస్తే విలువ 44.94. అదే సిస్టీన్ ముందుండి అలనిన్ వెనకుంటే 1 మాత్రమే. ఉన్నవి అవే రెండు. మారింది వరస ఒక్కటే. ఇలా గొలుసు పొడవునా విలువలు కూడి, పదితో హెచ్చించి, అమైనో ఆమ్లాల సంఖ్యతో భాగిస్తే సూచిక వస్తుంది. 40 దాటితే ప్రొటీన్ అస్థిరం కావచ్చు. లోపుంటే స్థిరమని అంచనా. కాగితం, కలం ఉన్నా చాలు, చేసేయొచ్చు.

తర్వాత స్విట్జర్లాండ్‌వాళ్ల ఎక్స్‌పాసీ వెబ్‌సైట్‌లోని ప్రోట్‌పారమ్ అనే సాధనం ఈ లెక్కను చేర్చుకుంది. వరస అతికించి మీట నొక్కితే క్షణంలో తీర్పు వస్తుంది.

ఆ సులువులోనే చిక్కూ ఉంది. సూత్రం నేర్చుకున్నది 44 ప్రొటీన్ల నుంచి, అదీ బతికున్న కణంలో వాటి ఆయుష్షు నుంచి. గాజు గొట్టంలో, ఫ్రిజ్‌లో ప్రొటీన్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దాన్ని అడగాల్సిన ప్రశ్న కాదు. 39.8కి ఊపిరి పీల్చుకుని 40.2కి దిగులుపడే పరిశోధక విద్యార్థి, ఆ పట్టిక ఎలా తయారైందో ఒక్కసారి చదివితే చాలు.