తొలి జెండా తిన్నడిదే

శ్రీకాళహస్తిలో ఏటా శివరాత్రి బ్రహ్మోత్సవాలు కొండమీద మొదలవుతాయి. ముందు అక్కడ భక్త కన్నప్పకు ధ్వజారోహణం చేస్తారు. ముక్కంటి ఆలయంలో జెండా ఎక్కేది ఆ తర్వాతే. స్వామికన్నా ముందు పూజ అందుకునే ఆ భక్తుడు మంత్రం ఒక్కటీ రాని బోయ తిన్నడు.

తమిళ శైవ కవులు అప్పర్, సంబంధర్ తమ పాటల్లో అతణ్ని తలచుకున్నారు. 12వ శతాబ్దంలో శేక్కిళార్ తమిళంలో, ఆ తర్వాత పాల్కురికి సోమన తెలుగులో అతని కథ చెప్పారు. 16వ శతాబ్దంలో ధూర్జటి మళ్లీ చెప్పాడు. ఎవరు చెప్పినా నా మనసు ఆగిపోయేది చివరి ఘట్టం దగ్గరే.

వేటకొచ్చిన తిన్నడికి అడవిలో ఒంటరిగా ఉన్న లింగం కనబడింది. దిక్కులేని స్వామి ఆకలితో ఉన్నాడేమోనని అతని ప్రాణం కొట్టుకుంది. మాంసం కాల్చి, రుచి చూసి మంచి ముక్కలే ఏరాడు. నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి అభిషేకించాడు. పగటిపూట వచ్చిన పూజారి ఎముకలు చూసి విలవిల్లాడి, అంతా కడిగి సంప్రోక్షణ చేసుకునేవాడు. ఆయనదీ భక్తే. అందుకే శివుడు ఆయనను కోప్పడలేదు, కలలో కనిపించి చాటున ఉండి చూడమన్నాడు.

మర్నాడు లింగం కుడికంట నెత్తురు కారింది. తిన్నడు శత్రువు కోసం వెతికాడు, ఆకుపసర్లు పిండాడు. ఆగలేదు. బాణంతో తన కన్ను పెకలించి పెట్టాడు. ఆగింది! ఆనందంతో గంతులేశాడు. అంతలో ఎడమకన్నూ కారసాగింది. మొదటిసారి మందేదో తెలియక తల్లడిల్లినవాడు ఇప్పుడు నిబ్బరంగా ఉన్నాడు. రెండో కన్నూ పోతే చోటు తెలియదని గుర్తుగా స్వామి కంటిమీద కాలు ఆనించి బాణం ఎత్తాడు. ఆ కాలు మోపడంకన్నా పెద్ద పూజ నాకు పురాణాల్లో ఎక్కడా కనబడదు. లింగంలోంచి చెయ్యి వచ్చి అతణ్ని ఆపింది. తిన్నడు కన్నప్ప అయ్యాడు.

1516లో కృష్ణదేవరాయలు శ్రీకాళహస్తి గుడికి గాలిగోపురం కట్టించాడు. 2010లో అది కూలింది, కొత్తది లేచింది. తెరమీద 1954లో రాజ్‌కుమార్, 1976లో బాపు సినిమాలో కృష్ణంరాజు, 2025లో మంచు విష్ణు కన్నప్పలయ్యారు. ఇప్పుడు ఊరి పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది రాహుకేతు పూజ. ఆ పూజ చేయించుకుని నేరుగా తిరుపతి బస్సెక్కేవాళ్లకు ఎవరైనా కన్నప్ప కొండ చూపిస్తే బాగుండును. గుడి పక్కనే ఉంది, ఎక్కడానికి మెట్లూ ఉన్నాయి.