విశ్వాసమా, సత్క్రియయా?

మోక్షము భగవత్కృప చేతనే కలుగునా, జీవుని ప్రయత్నము కూడ వలయునా యను చర్చ మనకు క్రొత్తది గాదు. తల్లిపిల్లి కూనను తానే నోట గఱచి కొనిపోవును. కోతిపిల్లయో, తల్లిని తానే పట్టుకొనవలెను. శ్రీవైష్ణవులలో తెంగలైవారు మొదటి దృష్టాంతమును, వడగలైవారు రెండవదానిని జెప్పుదురు. క్రైస్తవులలోను ఇట్టి వాదమే కలదు. పౌలు విశ్వాసమునకు బెద్దపీట వేసెను. ఆకలిగొన్నవానికి మంచిమాటలు మాత్రమే చెప్పి పంపువాని విశ్వాసమును యాకోబు లెక్కసేయడు. 1517లో లూథరుతో ప్రబలిన యీ వివాదమున, ముఖ్యాంశములందు లూథరనులును కథోలికులును ఏకమై చేవ్రాలు చేయుటకు 1999 వఱకు బట్టినది.

ఈ వాదము గంజికుండ యొద్దకు వచ్చిన కాలమొకటి తెలుగునాట గలదు. మన పెన్‌పహాడు వారు నల్లగొండ మిషను నెఱుగుదురు. 1890లో అచటికి ఫ్రీసెన్ దొరను బంపిన అమెరికా బాప్టిస్టు సంఘమునకు ఒంగోలు ఒక ముఖ్యస్థానము. 1876-78 నాటి ధాత కఱవులో ఒంగోలునందలి క్లౌ దొర బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, వేలకొలది బీదలకు గూలి యిప్పించెను. వారిలో మాదిగలే మెండు. బాప్తిస్మ మిమ్మని యెందఱడిగినను, సుమారు 15 నెలలు ఆయన యియ్యలేదు. కూటికై పుట్టిన విశ్వాసము కూటితోనే పోవునని ఆయన భయము.

కఱవుసాయము ముగిసెను. ఇక నీయదగిన దేమియు లేదన్నను జనులు తిరిగి పోలేదు. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అన్నమునకై మతము మార్చిరని నేటికిని కొందఱందురు. బడిలో చరిత్ర చెప్పునపు డీ ఘట్టమున నేను కొంతసే పాగుచుంటిని. అన్నము కొఱకే యైనచో, అన్నము ముగిసిన పిమ్మట రానేల? అట్లని కాలువకూలికిని ఆ విశ్వాసమునకును సంబంధమే లేదనుటయు సత్యము గాదు. తన క్రియ తన్ను రక్షించునా యని పండితులు తర్కింతురు. ఇచటనో, ఒకని క్రియ వేఱొకని విశ్వాసమునకు విత్తనమైనది. నాకు దోచినంతలో, ఈ సంగతిని పండితులు తగినంత విచారింపలేదు.

మఱి చేరినవారి క్రియ యేమి? విగ్రహారాధన విడువవలెను, ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు. వినుటకివి చిన్నవి. కాని ఆదివారము పనికి రాని పాలేరుపై ఆసామికి గలుగు కోపము మీ రెఱుగనిది గాదు. ఇక చచ్చిన గొడ్డు ఆనాటి మాదిగవానికి కులవృత్తిలోని భాగము. కఱవునాడు పిల్లల ప్రాణము నిలిపిన యాహారము. దానిని విడిచెదనని చెప్పినవాడు కడుపు మాడ్చుకొనుటకు సిద్ధపడియే చెప్పెను.