మేడ్చల్‌లో ఎన్ని అక్షరాలు? ఆక్‌ని అడుగుదాం

ఉబుంటుతో పాటు వచ్చే ఆక్ టూల్‌కి 'మేడ్చల్' అనే పదం ఇచ్చి పొడవెంత అని అడిగితే 21 అంటుంది. అదే ల్యాప్‌టాప్‌లో గ్నూ ఆక్ వేసి అడగండి, 7 అంటుంది. బస్సు బోర్డు మీద మనకి కనిపించేవి మాత్రం మూడే: మే, డ్చ, ల్.

ఇదెలా జరిగిందంటే, ఆక్ పుట్టింది 1977లో, బెల్ ల్యాబ్స్‌లో. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహన్, ఈ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. అప్పట్లో అక్షరం అంటే ఒక బైట్, ఇంగ్లిష్‌కి అది సరిపోయింది. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో. మరుసటి ఏడాది రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 తయారు చేసింది కెన్ థాంప్సన్, అదే, గ్రెప్ రాసినాయన! అందులో మన గుణింతం గుర్తుకైనా, పొల్లుకైనా 3 బైట్లు. మేడ్చల్‌లో అలాంటివి 7. ఏడు మూళ్లు 21. ఉబుంటులో ఉండేది ఎం-ఆక్, అది బైట్లు లెక్కపెడుతుంది.

శామీర్‌పేట దగ్గర జినోమ్ వ్యాలీ ఉంది కదా. డీఎన్ఏ ఫైల్ అంటే ఏ, సీ, జీ, టీ, అన్నీ ఒక్క బైట్ అక్షరాలే. ఏ ఆక్ వాడినా ఒకటే లెక్క. తేడా పడేది మన పేర్ల దగ్గరే. మొదటి 10 అక్షరాలు ఇవ్వమంటే ఎం-ఆక్ 'మేడ' దాకా ఇచ్చి, తర్వాత గుర్తుని మధ్యలో తెంపేస్తుంది. ఎర్రర్ రాదు. ఊరి పేరు బదులు రేషన్ లిస్టులో మీ నాన్నగారి పేరు అనుకోండి.

అందుకే ముందు వెర్షన్ అడగాలి. అదీ అంత ఈజీ కాదు. 1983లో మొదలైన గ్నూ వాళ్ల టూల్స్ వేరేవాళ్ల యూనిక్స్‌ల మీదకి విడివిడిగా వెళ్లేవి, కాబట్టి ప్రతిదానికీ సొంత వెర్షన్ నంబర్ కావాల్సి వచ్చింది. బీఎస్‌డీలో టూల్స్ అన్నీ సిస్టమ్‌తో కలిసే వస్తాయి. మ్యాక్‌లో ఉన్న సెడ్ ఆ వంశమే. హైఫన్ హైఫన్ వెర్షన్ అని కొడితే, ఆ ఆప్షనే చెల్లదంటుంది. నాకైతే అదే పెద్ద క్లూ: అలా కసిరిందంటే అది గ్నూ కాదు.

అసలు ఆక్‌కి యూటీఎఫ్-8 నేర్పే పని 2022లో కెర్నిహన్ స్వయంగా చేశారు, 80 ఏళ్ల వయసులో. ఇప్పుడు అదీ 7 అంటుంది. మీ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే మీ ఊరి పేరు పెట్టి చూడండి, వచ్చిన నంబర్‌తో పాటు ఏ ఆక్ అన్నది కూడా కామెంట్‌లో రాయండి. మేడ్చల్‌కి 3 అని చెప్పే ఆక్ ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.