బండి వెళ్ళరాని వీధి

ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఈ లెక్క చెప్పిన రోజున తరగతిలో ఎవరో ఒకరు "అయితే లఘువు తక్కువదాండీ?" అని తప్పక అడిగేవారు. ఎక్కువా తక్కువా ఏమీ లేదు, ఉండవలసిన చోట అది లేకపోతే పద్యం కుంటుతుందని చెప్పేవాణ్ణి. షార్ట్ ఫిల్మ్‌కు మనవాళ్ళు 'లఘుచిత్రం' అని పేరు పెట్టినందుకు నాకు సంతోషమే గాని, ఆ పేరులో ఒక చిక్కు ఉంది. నిడివిని దర్శకుడే కోరి ఎంచుకున్నాడని అది మనచేత అనిపిస్తుంది. వర్ణవివక్షను, వెలివేతను గురించిన తొలినాటి స్వతంత్ర చిత్రాలు చాలావరకు అలా పుట్టలేదు. అధికారులు ఎంత వదిలిపెడితే అంతే చిత్రం మిగిలింది. ఫ్రెంచి వలసపాలనలో ఉన్న పశ్చిమాఫ్రికా కథ చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

1934 మార్చి 11న ఫ్రాన్సు వలసరాజ్యాల మంత్రి పియెర్ లవాల్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ఆఫ్రికా వలసల్లో సినిమా తీయదలచినవారు ముందుగా అక్కడి గవర్నరు అనుమతి పొందాలి. తీయబోయే కథ ఏమిటో, తీసేవారు ఎవరో వివరాలు సమర్పించుకోవాలి. నల్లవాడు కెమెరా పట్టరాదని అందులో ఎక్కడా లేదు. అలా రాయవలసిన అవసరమే లేకపోయింది. అనుమతి ఇచ్చేవాడు ఎవడో, అడిగేవాడు ఎవడో తెలిసినప్పుడు మిగతాది దానంతట అదే జరిగిపోతుంది. ఈ లవాల్ తరువాత హిట్లరుతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వానికి పెద్ద తలకాయ అయ్యాడు. ఆ ద్రోహానికి 1945లో అతణ్ణి కాల్చి చంపారు. ఉత్తర్వు పెట్టినవాడు పోయాడు గాని ఉత్తర్వు మాత్రం చెక్కుచెదరలేదు.

అది మొదట గట్టిగా కాటు వేసింది ఒక తెల్లవాణ్ణే కావడం విచిత్రం. రెనే వోతియే పదిహేనేళ్ళ ప్రాయంలోనే నాజీలకు వ్యతిరేకంగా పోరాడిన ఫ్రెంచి యువకుడు. పశ్చిమాఫ్రికా పల్లెవాసుల జీవనం గురించి ఫ్రెంచి బడిపిల్లలకు చూపించేందుకు ఒక పాఠ్యచిత్రం తీసుకురమ్మని ఒక విద్యాసంఘం అతణ్ణి పంపింది. బడిపిల్లల కోసమే కదా అని వెళ్ళినవాడికి వైద్యుడు లేని ఊళ్ళూ, వెట్టిచాకిరీ, పన్ను బకాయి సాకుతో ఐవరీ కోస్టులోని పలాకా గ్రామం మీద సైన్యం సాగించిన హత్యాకాండా కనిపించాయి. కనిపించిందే తీశాడు. పోలీసులు ఫిల్ము చుట్టలను స్వాధీనం చేసుకున్నారు. వాటిలో కొన్నింటిని మాత్రం ఎలాగో దక్కించుకుని, అతడు 'ఆఫ్రిక్ 50' అనే చిత్రం కూర్చాడు. అది ఇరవై నిమిషాలైనా లేదు. లవాల్ ఉత్తర్వును ఉల్లంఘించిన నేరానికి అతనికి ఏడాది జైలు పడింది. చిత్రం మీద నిషేధం నలభై ఏళ్ళు సాగింది. ఆ నిడివిని ఏ కళాసూత్రం నిర్ణయించింది? పోలీసుల సంచిలోకి చేరకుండా తప్పించుకున్నది ఎంతో అంతే!

1953లో క్రిస్ మార్కర్, అలెన్ రెనే, గిలెన్ క్లోకే కలిసి 'విగ్రహాలూ మరణిస్తాయి' అన్న అర్థం వచ్చే పేరుతో అరగంట చిత్రం తీశారు. 'ప్రెజాన్స్ ఆఫ్రికేన్' పత్రికవారు తీయించినది అది. గ్రీకు శిల్పం లూవ్ర్ కళాప్రదర్శనశాలలో ఉంటే, ఆఫ్రికా శిల్పం మానవశాస్త్ర ప్రదర్శనశాలలో ఎందుకుంది అన్న ప్రశ్నతో అది పుట్టింది. మరుసటి సంవత్సరం దానికి జాన్ వీగో బహుమతి ఇచ్చారు. ఒక చేత్తో బహుమతి ఇస్తూనే మరో చేత్తో కత్తెర వేశారు. వలసపాలనను నేరుగా విమర్శించే చివరి భాగం కారణంగా పదేళ్ళకు పైగా దాన్ని పూర్తిరూపంలో చూపనివ్వలేదు.

ఈ ఇద్దరు ముగ్గురూ సజ్జనులే, సందేహం లేదు. కాని ఎవరిని గురించి చిత్రమో వారి చేతికి కెమెరా ఇంకా అందలేదు.

దాహోమీలోని పోర్తో నోవోలో 1925లో పుట్టిన పోలిన్ సుమాను వియేరా చిన్ననాడే చదువుకు ఫ్రాన్సు చేరాడు. పారిస్‌లోని ప్రఖ్యాత చలనచిత్ర విద్యాలయంలో పట్టా పుచ్చుకున్న తొలి ఆఫ్రికన్లలో ఒకడయ్యాడు. విద్య వచ్చింది, చేయీ తిరిగింది. తన ఖండంలో సినిమా తీస్తానంటే అనుమతి రాలేదు. సరే, పారిస్‌లోనే ఆఫ్రికా ఉంది కదా అనుకుని, మమదు సార్ మొదలైన మిత్రులతో కలిసి 1955లో అక్కడి ఆఫ్రికన్ విద్యార్థుల బతుకు మీదనే కెమెరా తిప్పాడు. దాని పేరు 'ఆఫ్రిక్ స్యూర్ సెన్', అంటే సెన్ నది ఒడ్డున ఆఫ్రికా అని అర్థం. దాని నిడివి ఇరవయ్యొక్క నిమిషాలు. ఎన్నాళ్ళుగానో యూరపువాళ్ళు ఆఫ్రికాకు వెళ్ళి అక్కడి మనుషులను వింతలుగా చిత్రించి తెచ్చేవారు. వియేరా అదే పారిస్ వీధులను పరదేశి కళ్ళతో చూపించాడు. చిత్రం ధోరణి మృదువుగానే ఉంటుంది. ఆశలు పెట్టుకున్న కుర్రవాడి మాటల్లా ఉంటుంది వ్యాఖ్యానం. నాకు మాత్రం ఆ మృదుత్వం వెనుక మూసిన తలుపు చప్పుడు వినిపిస్తుంది.

ఇక ఉస్మాన్ సెంబెన్. సెనెగల్ దక్షిణ భాగంలో ఒక బెస్తవాని కొడుకు. చదువు మధ్యలోనే ఆగింది. తాపీపని చేశాడు, రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు, మార్సెయ్ రేవులో మూటలు మోశాడు. ఆ రేవులోనే కార్మికసంఘంలో చేరి, చదువుకుని, ఫ్రెంచిలో నవలలు రాశాడు. తన నవలలు తన ఊరివాళ్ళు చదవలేరని గ్రహించినప్పుడు నలభై ఏళ్ళ వయసులో మాస్కో వెళ్ళి సినిమా నేర్చుకున్నాడు. రచయితలు ఈ ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్న గిడుగువారి బాధ, ఈ రేవుకూలీ బాధ ఒకే జాతివి.

1963లో ఆయన తీసిన 'బోరోమ్ సారెట్' సుమారు ఇరవై నిమిషాల చిత్రం. వొలోఫ్ భాషలో ఆ పేరుకు బండి యజమాని అని అర్థం. ఒంటిగుర్రపు బండి ఒక్కటే అతని ఆస్తి. డకార్ నగరంలో ఒక రోజు అతడు పొద్దున్నే నమాజు చేసుకుని బయలుదేరుతాడు. ఎక్కినవాళ్ళలో కొందరు డబ్బులివ్వరు. అతనికి అడిగే మనసు రాదు, వాళ్ళూ తనలాంటివాళ్ళే. మధ్యాహ్నం ఒక స్తుతిపాఠకుడు ఎదురై, అతని తాతముత్తాతల శౌర్యాన్ని గానం చేస్తాడు. మన భట్రాజుల వంటివాడే. ఆ పొగడ్తకు ఉబ్బిపోయి బండివాడు సంపాదనంతా అతని చేతిలో పోస్తాడు. ఇక్కడ సెంబెన్ వలసదొరను తిట్టడం లేదు. పూర్వవైభవం పేరుతో మనలను మనమే ఎలా దోచుకుంటామో చూపిస్తున్నాడు. ఈ నిజాయితీ వల్లనే ఈ చిత్రం మిగతావాటికన్న ఒక మెట్టు పైన ఉందని నా ఉద్దేశం.

తరువాత ఒక తండ్రి బిడ్డ శవాన్ని తీసుకుని బండి ఎక్కుతాడు. శ్మశానం గుమ్మం దగ్గర కాగితాలు సరిగా లేవని లోపలికి రానివ్వరు. ఆ శవంతో అతణ్ణి అక్కడే వదిలి బండి వెనక్కి తిరుగుతుంది. ఆ పైన సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, ప్లాటో పేటకు పోనిమ్మంటాడు. ఒకప్పుడు తెల్లదొరలు కాపురమున్న పేట అది. బండ్లకు అక్కడ ప్రవేశం లేదు. పరవాలేదు, నేనున్నానని ఆ మనిషి భరోసా ఇస్తాడు. పోలీసు ఆపుతాడు. కాగితాలు తీయబోతే బండివాడి జేబులోంచి సైనిక పతకం జారి నేల మీద పడుతుంది. దాని మీద పోలీసు బూటు పడుతుంది. పెద్దమనిషి అప్పటికే జారుకున్నాడు. బండి జప్తయింది. గుర్రాన్ని తోలుకుని అతడు ఇల్లు చేరతాడు. భార్య బిడ్డను అతని చేతికిచ్చి, ఈ రాత్రికి తిండి దొరుకుతుందని చెప్పి బయటకు వెళుతుంది. ఎక్కడికో చెప్పదు. చిత్రం అక్కడ ఆగిపోతుంది.

సెనెగల్‌కు స్వాతంత్ర్యం 1960లో వచ్చింది. ఈ పోలీసు నల్లవాడే, ఆ పెద్దమనిషీ నల్లవాడే. వీధి మాత్రం పాతదే. చెప్పులు చేత పట్టుకుని పెద్దల వీధి దాటవలసివచ్చిన మనుషులున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఆ వీధిని మనకు ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు. ఇంకొక్క మాట, చిత్రంలో బండివాడు మనసులో అనుకునే మాటలు ఫ్రెంచిలో వినిపిస్తాయి. తన పేదవాడు తన భాషలో మాట్లాడే చిత్రం 'మందబి' తీయడానికి సెంబెన్ 1968 దాకా ఆగవలసి వచ్చింది.

అదే రోజుల్లో లండన్‌లోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. 1958లో వెస్టిండియన్ల మీద దాడులు జరిగిన నాటింగ్‌హిల్ పేటలో, దక్షిణాఫ్రికా నుంచి ప్రవాసం వచ్చిన లయొనెల్ న్గకానే 1966లో 'జెమీమా అండ్ జానీ' తీశాడు. ఒక నల్లపిల్ల, ఒక తెల్లపిల్లవాడు ఊరంతా కలిసి తిరుగుతారు. పిల్లవాడి తండ్రి వలసవచ్చినవారిని ద్వేషించే మనిషి. వెనిస్‌లో దానికి బహుమతి వచ్చింది. పిల్లల వెంట పిల్లల ఎత్తులో నడిచే చిత్రం అది.

ఎత్తు అన్నాను కనుక మన నేల మీది సంగతి ఒకటి చెప్పక తప్పదు. అంటరానితనం మీద గూడవల్లి రామబ్రహ్మంగారు 1938లోనే 'మాలపిల్ల' తీసి ధైర్యం చూపారు. కాని అక్కడా కెమెరా వాడ బయటివారిదే. వాడలోనివారి చేతికి అది రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. అందులో అక్షరం రానివారు ఎందరో. చిరుధాన్యాల మీద, విత్తనాల మీద చిన్న చిన్న చిత్రాలు తీశారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల మీద 2003లో తీసిన చిత్రం దేశాలు దాటి వెళ్ళింది.

నన్ను ఆకర్షించింది వారి పరిభాష. పై నుంచి కిందికి చూసే కోణాన్ని వాళ్ళు 'పటేల్ షాట్' అన్నారు, దొర చూసే చూపు అదే కనుక. కింద నుంచి పైకి చూసేది దొర ముందు నిలబడ్డ జీతగాడి చూపు. కళ్ళలో కళ్ళు పెట్టి సమానంగా చూసేది 'సంఘం షాట్', సంఘంలో అందరూ చాపల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కనుక. పారిభాషిక పదాలు కూర్చడానికి పండితులం కమిటీలు వేసుకుని ఏళ్ళ తరబడి తంటాలు పడతాం. వీళ్ళకు ఆ పని కెమెరా పట్టుకున్న చోటనే అయిపోయింది.

'బోరోమ్ సారెట్'ను 2013లో బాగుచేసి కొత్త ప్రతి తయారుచేశారు. వీలున్న మిత్రులు చూడండి. నేల మీద పతకం, దాని మీద బూటు కనిపించే ఆ ఘట్టం దగ్గర చిత్రాన్ని ఆపి, దీన్ని ఏ షాటు అంటారమ్మా అని పస్తాపూర్ అక్కలను అడగాలని నాకు చాలాకాలంగా కోరిక.