జపాన్‌లో 70 వేల ఊరి గుళ్ళు పోయిన కథ

ఈ పోస్టు కాస్త పెద్దది. మోటరు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడో, రాత్రి అన్నాలు తిన్నాకో తీరిగ్గా చదవండి. ఇది జపాన్ పల్లెల సంగతి. మనకెందుకు అంటారేమో, వాళ్ళూ మనలాగే వరి రైతులు. వాళ్ళ దేవుళ్ళు కూడా వరి చుట్టూ తిరిగేవాళ్ళే. అందుకే చెప్పాలనిపించింది.

ముందు ఒక ఇంటి ముచ్చట. జపాన్ పడమటి తీరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన నోటో అనే ప్రాంతం ఉంది. అక్కడ కొన్ని రైతుల ఇళ్ళల్లో డిసెంబరు 5న, కోతలూ నూర్పిళ్ళూ అయిపోయాక, ఇంటి పెద్ద మంచి బట్టలు కట్టుకుని పొలానికి పోతాడు. ఏడాదంతా చేనుని కాచిన పొలం దేవుడిని ఇంటికి రమ్మని పిలుస్తాడు. ఎదురుగా ఎవరూ కనపడరు. అయినా నిజంగా ఒక పెద్దాయన వెంట వస్తున్నట్టే నడుస్తాడు. ఇక్కడ మెట్టుంది, ఇక్కడ గడప ఉంది, మెల్లగా రండి అని చెప్తూ తీసుకొస్తాడు. ఎందుకంటే ఆ దేవుడికి చూపు సరిగా ఆనదట. వరి కంకి గుచ్చుకుని కన్ను పోయిందని ఒక కథ. కోతలప్పుడు కంకి మొన కంట్లో పడితే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా!

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర చలి కాచుకోనిస్తారు. వేణ్ణీళ్ళ స్నానానికి తీసుకెళ్తారు. తర్వాత భోజనం. దేవుడు ఒక్కడే కాదు, భార్యాభర్తలని నమ్మకం, అందుకని రెండు విస్తళ్ళు. ఎర్ర చిక్కుళ్ళు వేసి వండిన అన్నం, చేప, రెండు కాళ్ళున్నట్టు చీలిన ముల్లంగి, బియ్యంతో చేసిన తియ్యటి పానకం. ఇది ఫలానా, ఇది ఫలానా అని ఒక్కొక్క వంటా చూపించి చెప్తాడు ఇంటి పెద్ద. ఆ చలికాలమంతా దేవుడు ఇంట్లోనే, విత్తనం వడ్ల దగ్గర ఉంటాడు. మళ్ళీ ఫిబ్రవరి 9న స్నానం, భోజనం పెట్టి పొలంలో దింపి వస్తారు. దీన్ని ఆయెనోకోతో అంటారు. 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. పూజారి లేడు, మంత్రాలు లేవు, గుడి లేదు. రైతుకీ పొలానికీ మధ్య లెక్క అంతే.

మిగతా ప్రాంతాల్లో ఎక్కువగా నమ్మేది ఏమంటే, వసంతంలో కొండ మీది దేవుడు కిందికి దిగి పొలం దేవుడవుతాడు, కోతలయ్యాక మళ్ళీ కొండకి పోతాడు. అందుకే పల్లెల్లో పెద్ద పండగలు రెండు కాలాల్లోనే ఉంటాయి. వసంతంలో పంట బాగా రావాలని, శరదృతువులో వచ్చినందుకు. నడివేసవిలో జరిగేవి చాలావరకు రోగాలు, పురుగులు, వరదలు రాకుండా చేసేవి. పండగల పంచాంగమంటే వరి పంచాంగమే.

ఇక ఊరేగింపు. మికోషి అంటే భుజాల మీద మోసే చిన్న గుడి. కప్పు, తలుపులు, పైన తరచుగా ఒక బంగారు పక్షి, అడుగున పొడవాటి మోత కర్రలు. 749లో క్యూషూ దీవిలోని ఉసా నుంచి హచిమన్ దేవుడిని పల్లకిలో నారా నగరానికి తెచ్చారు, అక్కడ కట్టిస్తున్న మహాబుద్ధుడి విగ్రహానికి అండగా. మికోషికి మొదలు అదేనంటారు. షింతో దేవుడు బుద్ధుడికి సాయం వెళ్ళడం చూడండి. వెయ్యేళ్ళకి పైగా ఆ రెండూ కలిసే ఉన్నాయి. 1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చాక, గుళ్ళల్లో బౌద్ధం వేరు షింతో వేరు అని విడగొట్టమని ఉత్తరువిచ్చింది.

ఊళ్ళో మికోషి ఇష్టం వచ్చినట్టు తిరగదు. ఆ గుడికి చెందిన ఇళ్ళని ఉజికో అంటారు. వాళ్ళ హద్దులోనే, ఏళ్ళ తరబడి నడిచిన దారిలోనే పోతుంది, మధ్యలో దేవుడు దిగి సేదతీరే చోటొకటి ఉంటుంది. దేవుడు ఎక్కడిదాకా వస్తాడో అక్కడిదాకా ఊరు. క్యోటో, నారా చుట్టుపక్కల పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది. ప్రతి ఏడాది ఒక ఇంటికి వంతు వస్తుంది, దాన్ని తోయా అంటారు. ఆ ఏడాదంతా గుడి పని, పండగ పని ఆ ఇంటిదే. కొన్నిచోట్ల దేవుడిని ఆ ఇంట్లోనే నిలుపుకుంటారు. ఎవడికీ శాశ్వత పెత్తనం లేకుండా భలే పద్ధతి కదా అనిపిస్తుంది. కానీ పూర్తి నిజం చెప్పుకోవాలి. చాలా ఊళ్ళల్లో ఆ వంతు పాత కుటుంబాలకే దక్కేది, తర్వాత వచ్చి స్థిరపడ్డవాడికి చోటు లేదు. మికోషి మొయ్యడానికి ఆడవాళ్ళని చాలాచోట్ల రానిచ్చేవాళ్ళు కాదు.

ఇంకో తమాషా ఉంది. మోసేది ఊరి కుర్రాళ్ళు. మికోషి అటూ ఇటూ ఊగుతూ పోతుంది, దేవుడే అలా లాగుతున్నాడంటారు. ఊళ్ళో పిసినారి షావుకారో, జనాన్ని పీడించే పెద్దమనిషో ఉంటే ఆ రోజు దేవుడికి సరిగ్గా వాడి ఇంటి మీదకే పోవాలనిపించేది! గోడ విరిగేది, తలుపు ఊడేది. కుర్రాళ్ళని అడిగితే మాదేం లేదు, దేవుడు లాగాడు అనేవాళ్ళు. ఏడాదంతా నోరు మెదపలేని కూలివాడు దేవుడి చాటున ఒక్కరోజు జవాబు చెప్పేవాడన్నమాట.

ఇప్పుడు మనందరికీ దగ్గర సంగతి, సుడిదోమ. వాళ్ళకీ అదే శత్రువు. 1732లో పడమటి జపాన్‌లో దోమ విరుచుకుపడి పంట మొత్తం తుడిచిపెట్టేసింది. క్యోహో కరువు అంటారు, వేలమంది చనిపోయారు. ఈ పురుగుని సాగనంపడానికి ముషి-ఒకురి అనే ఊరేగింపు చేసేవాళ్ళు. రాత్రిపూట కాగడాలు వెలిగించి, డప్పులు కొడుతూ, గట్ల వెంబడి తిరిగి గడ్డిబొమ్మని పొలిమేర దాటించి ఏట్లో వదిలెయ్యడమో కాల్చెయ్యడమో చేస్తారు. చాలాచోట్ల ఆ బొమ్మ పేరు సానెమోరి. ఆయన నిజంగా బతికిన మనిషే. సైతో సానెమోరి అనే ముసలి యోధుడు, తెల్ల జుట్టుకి రంగేసుకుని కుర్రాడిలా యుద్ధానికి పోయి 1183లో చనిపోయాడు. ఆయన గుర్రం వరి కొయ్యకాళ్ళకి తట్టుకుని పడిందని, ఆ కోపంతో చనిపోయి పురుగై వరి మీద పగ తీర్చుకుంటున్నాడని కథ. మరి పొలిమేర దాటిస్తే పక్క ఊరి గతేంటి? వాళ్ళూ అదే చేసేవాళ్ళు. ఒక ఊరు తరిమితే ఇంకో ఊరు అందుకుని తరిమేది.

మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యకండి. డప్పుతోనే ఆగిపోలేదు వాళ్ళు. మడి నీళ్ళ మీద తిమింగలం నూనె పలచగా పోసి, దుబ్బుల్ని తట్టి దోమని నూనెలో రాల్చేవాళ్ళు. ఆ పద్ధతినంతా 1826లో ఓకురా నగత్సునే అనే ఆయన బొమ్మలతో సహా పుస్తకం వేసి రైతులకి నేర్పాడు. ఈ దోమ ఏటా ఎక్కడినుంచి వస్తోందో మాత్రం చాలాకాలం తెలీలేదు. 1967లో నడిసముద్రంలో ఉన్న ఒక వాతావరణ నౌక మీద దోమ గుంపులు గుంపులుగా వాలింది. వానగాలితో పాటు సముద్రం దాటి వస్తోందని అప్పుడు రుజువైంది. పురుగు పొలిమేర అవతలినుంచి వస్తుందని ఊరివాళ్ళు అనుకున్నది తప్పేం కాదు, పొలిమేర కాస్త దూరం అంతే.

ఇక అసలు కథకొస్తా. 1889లో ప్రభుత్వం పాలన సులువుగా ఉండాలని దాదాపు 71 వేల ఊళ్ళని కలిపి 16 వేలలోపు చేసింది. నాలుగైదు పాత పల్లెలు కలిస్తే కాగితం మీద ఒక ఊరు. పల్లెలు కలిశాయి గానీ గుళ్ళు కలవలేదు, ఎవరి గుడి వాళ్ళదే, ఎవరి మికోషి వాళ్ళదే. 1906లో హోం శాఖ దాని మీద పడింది. ఒక ఊరికి ఒక్క గుడి ఉంటే చాలు, మిగతావాటిని అందులో కలిపెయ్యండి అంది. గుడి అప్పటికి రాజ్యానికి చెందిన వ్యవహారం అయిపోయింది. పూజారి లేని, నిధి లేని చిన్న గుళ్ళు రాజ్యానికి చిన్నతనం అని వాళ్ళ లెక్క. నిలవాలంటే ఇంత మూలధనం చూపించాలన్నారు. పల్లెలో పది ఇరవై ఇళ్ళవాళ్ళు ఎక్కడినుంచి తెస్తారు?

దేశంలో అప్పుడు 1 లక్షా 90 వేల గుళ్ళు. పదేళ్ళలోపే 1 లక్షా 20 వేలకి దిగాయి. మియే జిల్లాలో పదింట తొమ్మిది పోయాయి. పక్కనున్న వకయామాలోనూ ఘోరంగా పోయాయి. దేవుడిని మూటగట్టి పెద్ద గుళ్ళో ఒక మూల పెట్టారు. గుడి చుట్టూ వందల ఏళ్ళుగా ఎవరూ గొడ్డలి పెట్టని చెట్లని కొట్టి కలప అమ్ముకున్నారు.

దీనికి ఎదురు తిరిగినవాళ్ళల్లో మినకాతా కుమగుసు గురించి చెప్పాలి. 1867లో వకయామాలో పుట్టాడు. అమెరికా, ఇంగ్లండు తిరిగి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని చదివి, నేచర్ పత్రికలో పదుల కొద్దీ వ్యాసాలు రాసి, చివరికి తనాబే అనే చిన్న పట్నంలో స్థిరపడ్డాడు. కుళ్ళిన చెక్కల మీద పెరిగే జిగురు బూజుల మీద పరిశోధన ఆయనది. గుడి తోపుల్లోనే అవి దొరికేవి. తోపులు ఒక్కొక్కటే నరికేస్తుంటే ఆగలేకపోయాడు. 1910లో విలీనాలు చేయిస్తున్న ఒక అధికారిని నిలదియ్యాలని బాగా తాగి సభలోకి దూరి చేతిలో సంచి విసిరేశాడు. 18 రోజులు జైలు. తాగి పోవడం తప్పే అనుకోండి, కానీ తాగకుండా పోయినవాళ్ళ అర్జీలకి ఏం జవాబొచ్చింది?

ఆయన రాసిన వాదన మాత్రం తాగిన మాట కాదు. 1911లో ఒక వృక్షశాస్త్రవేత్తకి రాసిన రెండు పెద్ద ఉత్తరాలని, జానపద పరిశోధకుడు యనగితా కునియో అచ్చు వేయించి పెద్దవాళ్ళకి పంచాడు. మినకాతా చెప్పింది రైతుకి సూటిగా తగిలే మాట. తోపు నరికితే పక్షులు పోతాయి. పక్షులు పోతే పొలంలో పురుగు పెరుగుతుంది. ఆ పురుగు మందుకి అయ్యే ఖర్చు గుడి కలపమ్మిన డబ్బుకి మించుతుంది. ఎకాలజీ అనే మాటని అప్పుడే వాడాడు. ఇంకోటి, గుడి మైళ్ళ దూరం పోతే ముసలివాళ్ళు, పిల్లలు, నాట్ల పనిలో ఉన్న ఆడవాళ్ళు పోలేరు. పండగ ఆగితే ఆ రోజు నాలుగు డబ్బులు చేసుకునే చిన్న కొట్టువాళ్ళ పొట్ట పోతుంది. పదిమంది కలిసి గొడవలు సర్దుకునే చోటు పోతుంది. ఈ గుడిని సముద్రపు పోటప్పుడో మంటలప్పుడో జనం చేరే మిట్ట అని కూడా చూడమన్నాడు. దేవుడి పేరు ఎక్కువ ఎత్తకుండా ఇదంతా చెప్పడం నాకు బాగా నచ్చింది.

కొన్ని దక్కాయి. తనాబే సముద్రంలో కషిమా అనే చిన్న దీవి అడవి దక్కింది. నోనకా అనే చోట గుడి దగ్గర కొన్ని పెద్ద దేవదారు చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 1920కి పార్లమెంటులోనే ఇక విలీనాలు చాలన్నారు. కానీ పోయిన చెట్లు పోయినట్టే. కొన్ని పల్లెల్లో జనం ఖాళీ గుడి స్థలంలోనే చాటుగా పూజలు చేసుకుంటూ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ప్రభుత్వం గుళ్ళ నుంచి తప్పుకున్నాక, కొన్నిచోట్ల దేవుడిని మళ్ళీ తెచ్చి పాత చోటే నిలుపుకున్నారు.

ఇప్పుడు ఏ ఉత్తరువూ లేకుండానే గుళ్ళు ఖాళీ అవుతున్నాయి. 2020 వ్యవసాయ లెక్కల్లో జపాన్ రైతుల సగటు వయసు 67 దాటింది. పిల్లలు తోక్యోలో, ఒసాకాలో. ఒక్కో పూజారి ఎన్నో గుళ్ళు చూసుకుంటున్నాడు. మొయ్యడానికి భుజాలు లేక కొన్నిచోట్ల మికోషిని చిన్న ట్రక్కు మీద తిప్పుతున్నారు. వద్దన్న ఆడవాళ్ళనే ఇప్పుడు రమ్మని పిలుస్తున్నారు. నోటోలో వేసవి పండగలకి కిరికో అనే పొడవాటి దీపాల స్తంభాలు మోస్తారు, కొన్ని మూడంతస్తుల మేడంత ఉంటాయి. వాటికీ కొన్నిచోట్ల చక్రాలు బిగించారు. అయినా అక్కడివాళ్ళు కొత్త సంవత్సరానికి రాకపోయినా కిరికోకి మాత్రం ఇంటికొస్తారని చెప్పుకుంటారు.

2024 జనవరి 1న ఆ నోటోలోనే 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇళ్ళు, గుళ్ళు కూలాయి, రాతి ద్వారాలు పడిపోయాయి, వరి మళ్ళు నిలువునా బీటలు వారాయి. నీళ్ళు నిలవని మడిలో నాటేదేంటి? సముద్రం పక్కనే వెయ్యి చిన్న మళ్ళున్న షిరోయోనేలో బాగుచెయ్యగలిగిన కొన్నింట్లోనే ఆ ఏడు నాట్లు వేశారు. ఉషిత్సు అనే ఊళ్ళో జులై మొదట్లో అబరె పండగ, అంటే వీరంగం పండగ, జరగాలి. మికోషిని నీళ్ళల్లో ముంచి, నిప్పుల్లో వేసి, నేలకేసి కొట్టి దేవుడిని సంతోషపెడతారు. ఎప్పుడో ఒక అంటురోగం తగ్గినందుకు మొదలైందట. సగం ఊరు తాత్కాలిక ఇళ్ళల్లో ఉండగా ఈ ఏడు చెయ్యాలా వద్దా అని అక్కడివాళ్ళు తర్జనభర్జన పడ్డారు. చివరికి చేశారు. బయటూళ్ళకి పోయినవాళ్ళు ఆ రెండు రాత్రుల కోసం వచ్చారు. పగిలిన రోడ్ల మీదే కిరికోలు భుజాలకెత్తారు.