ఆయుధధారణమును, చట్టమును, మన నేతకులమును

మన కులపురాణమునందలి దేవలమహర్షి కథ నెరుగనివారు మనలో నుండరు. లోకమునకు వస్త్రము సమకూర్చుటకై శ్రీమహావిష్ణువు నాభికమలమునుండి తంతువులను గైకొని మహర్షి తిరిగి వచ్చుచుండగా రాక్షసు లడ్డగించిరి. ఆయన బలము చాలకపోయెను. అప్పుడు చౌడేశ్వరీదేవి ప్రత్యక్షమై రాక్షసులను సంహరించి, నూలును నూలు మోయువానిని గూడ గాపాడెను. ఈ కథలో నూలు మహర్షి చేతను, శూలము దేవి చేతను ఉన్నవి. నేయువాడు నేతపనిని, కాపాడవలసినవారు కాపుదలను వహింపవలయు నను ధర్మమును మన పెద్ద లీ కథమూలమున బోధించి రని తలచెదను.

కాపాడవలసినవారు కాపాడనప్పు డేమి గతి? సామాన్యగృహస్థు తన యింట తుపాకి నుంచుకొనుటకు హక్కు గలవాడా, లేక ప్రభుత్వముయొక్క యనుమతి పొందినగాని యుంచుకొనరాదా? ఈ ప్రశ్న అమెరికాలో నేడు తీవ్రముగా చర్చింపబడుచున్నది. మన దేశమునందును దీనికి నూటనలువది యేండ్లకు మించిన చరిత్ర కలదు. మన యీ కోనసీమకును, గోదావరి మన్యమునకును ఆ చరిత్రతో సంబంధ మున్నది. ఆ చరిత్రను పరిశీలించినచో, మన దేశమున నీ వివాదమునకు మూలము తుపాకి విషయమున ప్రభుత్వము మనుష్యునకును మనుష్యునకును జూపిన భేదమే యని తెలియగలదు.

కంపెనీవారి కాలము

పదునెనిమిదవ శతాబ్దమున గోదావరి ముఖద్వారములయందు ఇంగ్లీషువారికి మూడు వర్తకస్థానము లుండెను: నరసాపురము చెంత మాదాపల్లము, యానాము చెంత ఇంజరము, సముద్రతీరమున బెండమూర్లంక. ఈ మూడింటికిని ప్రధానమైన సరకు మనవారు నేసిన బట్టయే. మాదాపల్లము పేర నొక జాతి వస్త్రము విదేశములందు గూడ ప్రసిద్ధి కెక్కెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడు స్థానములను పట్టుకొనెను. 1758 డిసెంబరులో చందుర్తికడ జరిగిన యుద్ధముతో ఫ్రెంచివారి ప్రాబల్య మీ సీమలో నశించి, ఇంగ్లీషువారి ప్రాబల్యము నిలిచెను. ఆ రెండు సైన్యములు పోరాడినది మన మగ్గముల ఫలముకొరకే యైనను, ఆ పోరాటమున మన నేతవాని యభిప్రాయము నడిగినవారు లేరు.

తరువాత కంపెనీవారు నేతవారికి బయానా లిచ్చి, బట్ట తమకే యమ్మవలె నని కట్టడిచేసిరి. గడువునకు బట్ట చేరనియెడల ఇంటివాకిట బంట్రోతును నిలుపుటయు, వాని బత్తెము నేతవానిచేతనే కట్టించుటయు వాడుక యయ్యెను. ఆయుధ మొకరి చేతను, ఆసు మరియొకరి చేతను ఉన్నప్పుడు బేరము సమముగా నుండదు. అట్టి దశయందు మనవారు కత్తి పట్టలేదు. మగ్గములు నిలిపిరి, గుంపులుగా కూడిరి, ఊళ్లు విడిచి పోయెద మనిరి, అర్జీలు వ్రాసి పై యధికారులకు పంపిరి. ఆ శతాబ్దాంతమునను, పందొమ్మిదవ శతాబ్దారంభమునను ఉత్తర సర్కారులలో నిట్టి యాందోళనములు పలుమారు జరిగినవి. సంఘముగా కూడి ప్రభుత్వము నడుగుట యను విద్య మనకు నేడు క్రొత్తగా వచ్చినది కాదు.

1878వ సంవత్సరపు చట్టము

1857 విప్లవానంతరము ఇంగ్లీషు ప్రభుత్వము ప్రజల నిరాయుధులను జేయ నిశ్చయించి 1860లో నొక చట్టము చేసెను. 1878లో లిట్టన్ ప్రభువు దానిని మరింత బిగించెను. దేశభాషాపత్రికల నోరు నొక్కు చట్టమును ఆ యేటనే ఆయనయే చేసెను. ఆయుధముల చట్టముప్రకారము లైసెన్సు లేక ఆయుధము ధరించుట నేరము. ఇంతవరకు సమానముగా నున్నచో నెవరును తప్పు పట్టకపోయెడివారేమో! కాని యూరోపియనులకును, ఆంగ్లో-ఇండియనులకును ఆ నిర్బంధము లేదు. కొడగువారికిని మినహాయింపు లభించెను. తక్కిన భారతీయుడు, ఎంత గౌరవస్థు డైనను, తన పంటపైబడు నడవిపందిని గొట్టుటకు సహితము అధికారి ననుమతి యడుగవలసివచ్చెను. పంట నష్టముకన్న నవమానమే పెద్ద దని నాటి పెద్దలు భావించిరి.

ఆ మరుసటి యేడు, అనగా 1879లో, మన గోదావరిజిల్లా మన్యమున రంపపితూరి లేచెను. కల్లుపన్నును, మన్‌సబుదారుని యన్యాయములును, పోలీసుల బాధలును దానికి కారణములు. చట్టము కాగితముమీద ఆయుధములను నిషేధింపగలిగెను గాని అన్యాయమువలన బుట్టిన కోపమును నిషేధింపలేకపోయె నని దానివలన తేటపడినది.

నలువదిమూడేండ్ల తరువాత 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై బడి తుపాకులను తూటాలను దీసికొనిపోయెను. తీసికొన్నవానిని ఠాణాపుస్తకమున వ్రాసి, క్రింద సంతకము చేసెను. 1924 మే 7వ తేదీని ఆయన వీరమరణ మొందెను. మన్యమున తుపాకులు దొరకుచోటు ఠాణా యొక్కటియే యగుటవలన ఆ విప్లవమునకు తొలిగురి ఠాణాయే యైనది. దొరతనమువారి చట్టము ప్రజలకును ప్రభుత్వమునకును మధ్య పెట్టిన యెడ మెంతటిదో ఇందు కనబడుచున్నది.

జాతీయమహాసభ కోరిన దేమి?

1887లో చెన్నపట్టణమున బద్రుద్దీన్ త్యాబ్జీ యధ్యక్షతను జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ యీ చట్టమును సవరింపవలసిన దని తీర్మానించెను. ఆ తీర్మానమును జాగ్రత్తగా చదువవలెను. ఎల్లరికి నెట్టి కట్టుబాటును లేక ఆయుధము లియ్యు డని వారు కోరలేదు. సాధారణముగా నందరికి ననుమతి యుండవలె ననియు, ఎవరికైన నిరాకరించినచో కారణములను వ్రాతమూలకముగా ప్రకటింపవలె ననియు కోరిరి.

1920లో క్రొత్త నిబంధనలు వచ్చి, జాతినిబట్టి యిచ్చు మినహాయింపు చాలవరకు తొలగెను. కాని దాని స్థానమున బిరుదులును పదవులును గలవారికి మినహాయింపు లభించెను. జాతిభేదము తగ్గి హోదాభేదము వచ్చె నన్నమాట. 1928లో నెహ్రూ నివేదికయు, 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానమును నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరుల హక్కులలో జేర్చినవి. అహింసావ్రతు డైన గాంధిమహాత్ముడు సహితము 1930 జనవరిలో ప్రకటించిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణార్థము తుపాకి లైసెన్సు లియ్యవలె ననియు, వాని నిచ్చుట ప్రజల యధీనమున నుండవలె ననియు నొక కోరికను జేర్చెను. ఆయన తుపాకిని ప్రేమించి యిట్లడుగలేదు. భయముచేత ఆయుధము విడుచుట వేరు, ధర్మముచేత విడుచుట వే రని ఆయన మతము.

రాజ్యాంగసభలో చర్చ

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1948 డిసెంబరు 1వ తేదీని, హెచ్. వి. కామత్‌గారు ఆయుధధారణమును ప్రాథమికహక్కులలో చేర్పవలసిన దని రాజ్యాంగసభలో సవరణ ప్రతిపాదించిరి. ఆనాటి పరిస్థితి నూహింపుడు. ఆ సంవత్సరము జనవరి 30న గాంధిమహాత్ముడు పిస్తోలు గుండ్లకు బలియయ్యెను. సెప్టెంబరులో హైదరాబాదుపై పోలీసుచర్య జరిగెను. తెలంగాణమున పల్లెలలో తుపాకుల ధ్వని యింకను అణగలేదు.

మరునాడు డాక్టరు అంబేడ్కరుగారు ప్రత్యుత్తర మిచ్చిరి. నేటి దశలో వ్యక్తి ఆయుధము ధరించు హక్కుకన్న, దేశముకొరకు ఆయుధము ధరించు బాధ్యతయే ముఖ్య మనియు, దానిని ప్రాథమికహక్కుగా జేసినచో దొంగలును జేబులు కొట్టువారును సహితము న్యాయస్థానములలో దానిని గోరగల రనియు ఆయన వాదించిరి. సవరణ వీగిపోయెను. అందువలన మన దేశమున తుపాకి హక్కు కాలేదు. చట్టము దయచేయు ననుమతిగా నిలిచెను. ఆ మహాశయుని నామమే 2022లో మన కోనసీమజిల్లాకు పెట్టబడిన దని చదువరులకు జ్ఞాపకము చేయుచున్నాను.

స్వతంత్రదేశపు చట్టము

తరువాత వచ్చిన 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమునందు రెండు విషయములు మన సామాన్యులు తెలిసికొనదగినవి. ఆస్తి చాలదన్న యొక్క కారణముచేత లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో సామాన్యముగా కారణములు వ్రాయవలెను. 1887లో చెన్నపట్టణపు మహాసభ కోరిన దిట్లు డెబ్బదిరెండేండ్లకు చట్టమున కెక్కెను. పది మగ్గముల యజమానియు, ఒక మగ్గపు కూలియు ఈ చట్టము నెదుట సమానులే.

2019లో ఈ చట్టము సవరింపబడెను. ఒకడు లైసెన్సుపై నుంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి యైదేండ్లకు పెరిగెను. పెండ్లిండ్లలో ఊరేగింపులలో వేడుకకై పేల్చి యితరుల కపాయము కలిగించువారికి రెండేండ్లవరకు కారాగారమును, లక్షరూపాయలవరకు జరిమానాయు విధింపదగు నని చెప్పబడెను. ఆ యేటనే కొడగువారి పూర్వపు మినహాయింపు 2029వరకు పొడిగింపబడెను. జాతినిబట్టి యిచ్చిన పాతకాలపు మినహాయింపులలో నిదియొకటి నేటికి నిలిచియున్నది.

అమెరికాయందలి మనవారు

అమెరికా రాజ్యాంగమున 1791లోనే ఆయుధహక్కు చేరినది. ఆ దేశపు సుప్రీముకోర్టు 2008లో దానిని వ్యక్తిహక్కుగా నిర్ణయించెను. 2022 జూనులో బహిరంగస్థలములందు తుపాకి ధరించుటకును దానిని విస్తరింపజేసెను. అదే వారమున తుపాకుల క్రయమును మరికొంత కట్టుదిట్టము చేయు చట్టమును వారి శాసనసభ చేసెను. ఒక దేశమే యొక వారమున రెండు దిక్కులకు నడచినది! 2017నాటి యంచనాప్రకారము అక్కడ నూరుమంది ప్రజలకు నూటయిరువదికి పైగా తుపాకులు కలవు; మన దేశమున నూరుమందికి అయిదింటికి కొంచెము మించును. 2022లో అక్కడ తుపాకులవలన మరణించినవారు నలువదియెనిమిదివేలమంది. అందు సగమునకు పైగా తమ్ము తాము కాల్చుకొన్నవారు.

ఈ సంఖ్యలు మనకు దూరపువి కావు. కోనసీమనుండి విద్యకును ఉద్యోగమునకును ఆ దేశము వెళ్లిన బిడ్డలు లేని యూ రరుదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమున ఒలేత్ పట్టణమందు ఒక తెలుగు ఇంజనీరు, పరదేశీయు డన్న ద్వేషమునకు గురియై, తుపాకిగుండునకు బలియయ్యెను. తమ్ము తాము కాల్చుకొన్నవారి సంఖ్యను మన కులస్థులు మరింత శ్రద్ధగా చూడవలెను. నేతపనిలో అప్పులును పస్తులును ఎరుగని కుటుంబములు కొలదియే. మనస్సు చెదరిన గడియ గడచిపోవును. ఆ గడియలో చేతికందునది తుపాకి యైనచో మరల బ్రతుకుట దుర్లభము.

మన కర్తవ్యము

తుపాకి కోరువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. మన కులమున నగలవర్తకులు గలరు. సంఘపు సొమ్ము మోసికొనిపోవు కోశాధికారులు గలరు. వరదలలో దారులు తెగిన లంకలలో పోలీసు వచ్చుసరికి తెల్లవారును. అట్టివారు కారణము చూపి లైసెన్సు కోరుట న్యాయమే. నిరాకరించినచో వ్రాతమూలక కారణ మడుగుటయు, పై యధికారికి అప్పీలు చేసికొనుటయు వారి హక్కు. అందు మన సంఘము వారికి తోడ్పడవలయును.

కాని మన కులమునకు ప్రత్యేకమైన మినహాయింపు కోరుటగాని, తుపాకిని గౌరవచిహ్నముగా భుజమున వ్రేలాడవేసికొనుటగాని మనకు తగదు. 1878 చట్టమునందలి దోషము కొందరికి కులమునుబట్టియు జాతినిబట్టియు వేరుధర్మము కల్పించుటయే గదా! ఆ దోషమును మనము మరల కోరుట పూర్వుల పోరాటమును మరచుటయగును.

2022 మే 24వ తేదీని జిల్లాపేరు విషయమున అమలాపురమున చెలరేగిన అల్లరి మన కండ్లయెదుట జరిగినది. ఒక మంత్రి గృహమును, ఒక శాసనసభ్యుని గృహమును దగ్ధము లయ్యెను. పోలీసులు రాళ్లదెబ్బలు తిని, గాలిలోనికి తుపాకులు పేల్చిరి. అంత జరిగియు ప్రాణనష్టము లేక గడచినది. ఆనాడు గుంపు చేత నున్నవి రాళ్లును నిప్పును. ఆ వీథులలో ఇంటింట తుపాకి యుండియున్నచో నే కులపు తల్లి యెంతమంది బిడ్డల నెత్తుకొని యేడ్వవలసివచ్చెడిదో యోచింపుడు. పొరుగు కులమువారిని చూచి తుపాకి కొనువాడు, తన్ను చూచి పొరుగువాడు గూడ కొను నని మరువరాదు. అమలాపురపు సంతలో మనము నేసిన చీర నన్ని కులముల స్త్రీలును కొనుచున్నారు. మనకు బ్రతుకుతెరు విచ్చునది వారి నమ్మికయే.

కావున బండారులంకయందును, ఇరుగుపొరుగు గ్రామములయందును గల మన కులస్థులకు నా విన్నపము: కాపుదలను చట్టమునుండి కోరుడు; ఆ చట్ట మందరికి సమముగా నుండునట్లు సంఘముగా కూడి యడుగుడు; పెండ్లి యూరేగింపులలో తుపాకి పేల్చు దురాచారమును మన వీథులకు రానియ్యకుడు. చౌడేశ్వరీమాత మనకు నీ వివేకమును, మన మగ్గములకు నిరంతరమైన పనిని ప్రసాదించుగాక!