ట్రావెల్ ట్రైలర్: లాగగల బరువు ఒకటి, మోయగల బరువు మరొకటి

సొంత వాహనం వెనుక చక్రాలపై కదిలే చిన్న ఇంటిని తగిలించుకొని ఊరూరా తిరగడం అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో దశాబ్దాలుగా ఉన్న విహార పద్ధతి. ఆ ఇంటిని అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అనీ, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో కారవాన్ అనీ పిలుస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ వేసవి సెలవులకు ఎల్లోస్టోన్, గ్రాండ్ క్యాన్యన్ వంటి జాతీయ ఉద్యానవనాలకు వెళ్లేందుకు ఇటువంటి ట్రైలర్‌ను అద్దెకు తీసుకునేవారు, కొనుక్కునేవారు ఉన్నారు.

కొనే సమయంలో అందరి దృష్టీ పడకల మీద, వంటగది మీద ఉంటుంది. రహదారి ఎక్కిన తర్వాత ఆ ఇల్లు ఒక బరువుగా మారుతుంది. ఆ బరువు లెక్క తప్పితే ప్రాణాలకే ముప్పు. నీటి విషయంలో ఏమరుపాటుగా ఉంటే ఇల్లే పాడవుతుంది. ట్రైలర్ యజమాని నేర్చుకోవలసిన విషయాలలో అధిక భాగం ఈ రెండింటికి సంబంధించినవే.

ట్రావెల్ ట్రైలర్ అంటే ఏమిటి?

భారతదేశంలో కారవాన్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది సినిమా చిత్రీకరణల వద్ద కనిపించే బస్సు వంటి వాహనం. దానికి సొంత ఇంజిను ఉంటుంది. ట్రావెల్ ట్రైలర్‌కు ఇంజిను ఉండదు. పడకలు, గ్యాసు పొయ్యి, స్నానపు గది, మరుగుదొడ్డి, నీటి ట్యాంకులు అన్నీ అందులో ఉన్నా, కారో, పికప్ ట్రక్కో దానిని లాగవలసిందే. విడిది చేరిన తర్వాత ట్రైలర్‌ను అక్కడే నిలిపి, వాహనంలో చుట్టుపక్కల ప్రదేశాలు చూసి రావచ్చు. ఇదే దీని ప్రధాన సౌలభ్యం.

విహారం కోసమే తయారైన తొలి కారవాన్‌గా పేరొందిన ‘వాండరర్’ 1885లో బ్రిటన్‌లో రూపొందింది. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన రచయిత గోర్డన్ స్టేబుల్స్ దానిని తన కోసం చేయించుకున్నారు. దానిని గుర్రాలు లాగేవి. 1907లో బ్రిటన్‌లో కారవాన్ క్లబ్ ఏర్పడింది. అమెరికాలో వాలీ బయామ్ 1930లలో స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో ‘క్లిప్పర్’ అనే అల్యూమినియం ట్రైలర్‌ను విడుదల చేసింది. ప్రస్తుతం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం అమెరికాలో ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం.

బరువు లెక్క ఎలా వేయాలి?

ప్రతి వాహనానికీ తయారీదారు రెండు పరిమితులు నిర్ణయిస్తారు. మొదటిది, అది ఎంత బరువును లాగగలదన్నది. రెండవది, ప్రయాణికులతో, సామానుతో కలిపి తన మీద ఎంత బరువును మోయగలదన్నది. ప్రకటనలలో కనిపించేది మొదటి అంకె. ఆచరణలో చాలాసార్లు ముందుగా దాటిపోయేది రెండవది.

ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. కొంత భాగం ముందున్న కొక్కెం ద్వారా లాగే వాహనం మీద పడుతుంది. అమెరికాలోని ట్రావెల్ ట్రైలర్లకు ఈ భాగం మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది నియమం. ఎద్దుల బండి తోలిన వారికి ఈ సూత్రం కొత్త కాదు. బండిలో సరుకు వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందుకు ఎక్కువైతే భారమంతా ఎద్దుల మెడల మీద పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వాహనం 3,500 కిలోలు లాగగలదు, 600 కిలోలు మోయగలదు. సామానుతో సహా ట్రైలర్ బరువు 2,500 కిలోలు. అందులో 12 శాతం, అంటే 300 కిలోలు కొక్కెం మీద పడతాయి. డ్రైవరుతో సహా నలుగురు ప్రయాణికులు 280 కిలోలు. వాహనంలో పెట్టిన మడత కుర్చీలు, ఐసు పెట్టె, ఇతర సామాను 50 కిలోలు. భారాన్ని వాహనపు ముందు చక్రాలకు కూడా పంచే ప్రత్యేక కొక్కెం పరికరం మరో 40 కిలోలు. మొత్తం 670 కిలోలు. లాగే సామర్థ్యంలో ఇంకా 1,000 కిలోల వెసులుబాటు ఉన్నట్లే కనిపిస్తుంది. మోసే సామర్థ్యం మాత్రం అప్పటికే 70 కిలోలు మించిపోయింది. ఈ భారం వెనుక చక్రాల టైర్లు, ఇరుసు, స్ప్రింగుల మీద పడుతుంది. ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగు తేలికవుతుంది.

అమెరికాలో విక్రయించే వాహనాలలో మోసే సామర్థ్యం అంకె డ్రైవరు తలుపు చట్రం వద్ద అతికించిన పట్టీ మీద ఉంటుంది. ట్రైలర్ గరిష్ఠ బరువు దాని మీద అతికించిన పట్టీలో ఉంటుంది. ఖాళీ బరువును మాత్రమే చూసి ట్రైలర్‌ను ఎంచుకోవడం పొరపాటు. నీరు లీటరుకు ఒక కిలో తూగుతుంది. 150 లీటర్ల ట్యాంకు నింపితే 150 కిలోలు పెరిగినట్లే. సామాను సర్దిన తర్వాత రహదారి పక్కన లారీల కోసం ఏర్పాటు చేసిన వేబ్రిడ్జి మీద తూకం వేయించడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

బ్రిటన్‌లో కారవాన్ల నిర్మాణం వేరు కనుక కొక్కెం మీద 5 నుంచి 7 శాతం బరువు చాలునంటారు. కారవాన్ బరువు లాగే కారు బరువులో 85 శాతం మించకపోవడం మంచిదని, ముఖ్యంగా కొత్తవారికి, అక్కడ సలహా ఇస్తారు. ఇది సలహాయే తప్ప చట్టం కాదు.

ట్రైలర్ ఊగితే ఏం చేయాలి?

వెనుక భాగంలో బరువు ఎక్కువైతే ట్రైలర్ పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. పక్కగాలి, పక్కనుంచి దాటి వెళ్లే లారీ తోసే గాలి, దిగుడు దారిలో వేగం దీనిని పెంచుతాయి. ఊపు పెరిగితే ట్రైలర్ తనతోపాటు వాహనాన్నీ తిప్పి పడేయగలదు.

ఆ క్షణంలో వాహనం బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగును అటూ ఇటూ తిప్పడం ప్రమాదకరం. వేగం పెంచి సరిచేయాలని చూడటం కూడా తగదు. యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకోవాలి. ట్రైలర్‌కు విద్యుత్ బ్రేకులు ఉంటే, డ్రైవరు ముందున్న నియంత్రణ పరికరంతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే మెల్లగా వేయాలి. తర్వాత సురక్షితమైన చోట ఆపి సామాను సర్దుబాటును, టైర్లను చూసుకోవాలి. బరువైన సామాను నేలకు దగ్గరగా, ఇరుసుల సమీపంలో ఉంచడం అసలైన నివారణ.

బయలుదేరే ముందు

కొక్కెం పూర్తిగా కూర్చుని, తాళపు పిన్ను పడిందో లేదో చూడాలి. రక్షణ గొలుసులను కొక్కెం కింద అడ్డంగా దాటించి తగిలించాలి. కొక్కెం ఊడినా ట్రైలర్ ముందు భాగం నేలను తాకకుండా ఆ గొలుసులు పట్టుకుంటాయి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు తమంతట తామే పడేలా చేసే తీగను వాహనానికి విడిగా కట్టాలి. బ్రేకు దీపాలు, మలుపు దీపాలు వెలుగుతున్నాయో లేదో మరొకరి సాయంతో పరీక్షించాలి.

ట్రైలర్ టైర్లు అరగకముందే పాతబడతాయి. ఎక్కువ కాలం ఎండలో నిలిచి ఉండటం ఇందుకు కారణం. అమెరికాలో టైరు మీద ముద్రించే సంకేతంలోని చివరి 4 అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం అని అర్థం. గాడులు బాగున్నట్లు కనిపించినా ఐదారేళ్లకు మార్చడం మేలు. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చక్రం విప్పి బిగించినప్పుడు, మొదటి 10, 25, 50 మైళ్ల వద్ద నట్లను మళ్లీ సరిచూడాలి. చక్రాల బేరింగులకు సాధారణంగా ఏడాదికొకసారి గ్రీజు మార్చాలి.

విడిదిలో ట్రైలర్‌ను విప్పే ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టడం మరువరాదు. కొక్కెం విడిన తర్వాత దానిని ఆపేది అవే.

ఇంటికి శత్రువు నీరు

చాలా ట్రైలర్ల గోడలు చెక్క చట్రం, పలుచని రేకు లేదా ఫైబర్ పలకలతో తయారవుతాయి. పైకప్పు మీద గాలి గొట్టాలు, కిటికీలు, ఏసీ అమర్చిన చోట్ల అతుకులు ఉంటాయి. ప్రయాణపు కుదుపులకు, ఎండకు అక్కడి లప్పం పగుళ్లు ఇస్తుంది. వెంట్రుకవాసి పగులు చాలు, వాన నీరు లోపలికి చేరి చెక్కను కుళ్లబెడుతుంది. మరక బయటపడే నాటికి నష్టం చాలా దూరం పోయి ఉంటుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు పైకప్పు అతుకులను పరిశీలించి, ఆ కప్పుకు సరిపడే లప్పంతో పూడ్చాలి.

వాడిన ట్రైలర్‌ను కొనేవారు అలంకరణను చూసే ముందు గోడలను, మూలలను, కిటికీల కింది భాగాన్ని చేతితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలినా, పలక ఉబ్బినట్లున్నా, లోపల ముక్కవాసన వచ్చినా తడి చేరిందనే అనుమానించాలి. వాన కురిసిన మరునాడు చూడగలిగితే మరీ మంచిది.

చలి దేశాలలో మరో సమస్య ఉంది. గొట్టాలలో నిలిచిన నీరు గడ్డకట్టి వ్యాకోచించడం వల్ల అవి పగులుతాయి. అందుకే చలికాలానికి ముందే నీటినంతా తీసివేసి, తాగునీటి గొట్టాలకు హాని చేయని గులాబీ రంగు ద్రవాన్ని వాటిలో నింపుతారు.

మురుగు, విద్యుత్తు, గ్యాసు

ట్రైలర్‌లో సాధారణంగా మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీటికి, ఒకటి స్నానపు గది, వంటగది నీటికి, మరొకటి మరుగుదొడ్డికి. మరుగుదొడ్డి ట్యాంకు కవాటాన్ని విడిదిలో నిరంతరం తెరిచి ఉంచితే ద్రవం పోయి ఘనపదార్థం అడుగున గడ్డకడుతుంది. మూడింట రెండు వంతులు నిండేదాకా మూసి ఉంచి, కేటాయించిన చోట ఒక్కసారిగా ఖాళీ చేయాలి. ముందు దానిని, తర్వాత స్నానపు నీటి ట్యాంకును వదిలితే గొట్టం కూడా కడిగినట్లవుతుంది.

అమెరికా విడిదులలో లభించే 30 ఆంపియర్ల విద్యుత్ సదుపాయం 120 వోల్టుల వద్ద గరిష్ఠంగా 3,600 వాట్లు ఇస్తుంది. ఏసీ, మైక్రోవేవ్, నీటి హీటరు ఒకేసారి నడిపితే ఆ పరిమితి దాటిపోతుంది.

ప్రొపేన్ గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేల వద్ద చేరుతుంది. అందుకే దానిని గుర్తించే అలారాన్ని నేలకు దగ్గరగా అమరుస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు కనుక దానిని గుర్తించే అలారం కూడా తప్పనిసరిగా పనిచేస్తూ ఉండాలి. ప్రయాణ సమయంలో గ్యాసు సిలిండర్ కవాటాలు మూసి ఉంచడం శ్రేయస్కరం. చలి కాచుకోవడానికి గ్యాసు పొయ్యిని వెలిగించి నిద్రించడం ప్రాణాంతకం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

బ్రిటన్‌లో 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష నెగ్గినవారు కూడా ప్రత్యేక పరీక్ష లేకుండా 3,500 కిలోల వరకు ట్రైలర్‌ను లాగేందుకు 2021 డిసెంబరు 16 నుంచి అనుమతి లభించింది. అక్కడ ట్రైలర్ లాగే కార్ల వేగ పరిమితి మోటార్‌వేల మీద గంటకు 60 మైళ్లు. అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు మించరాదు.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం-1988 నిర్వచనం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. కనుక దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొంత ఇంజిను గల కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో ప్రకటించిన కారవాన్ పర్యాటక విధానం అటువంటి వాహనాలను ప్రోత్సహించింది. కారు వెనుక లాగే ఇళ్లు మాత్రం మన రహదారులపై అరుదు.

విదేశాలలో మొదటిసారి ట్రైలర్‌ను అద్దెకు తీసుకునేవారు తమ వాహనం మోయగల బరువును ముందుగా రాసి ఉంచుకోవాలి. ఖాళీ మైదానంలో ఒక పూట మలుపులు తిప్పడం, వెనక్కు నడపడం సాధన చేయాలి. వెనక్కు నడిపేటప్పుడు స్టీరింగు అడుగు భాగాన్ని పట్టుకొని, ట్రైలర్ వెనుక భాగం ఏ వైపు వెళ్లాలో ఆ వైపుకే చేతిని కదిపితే దిశ తికమక ఉండదు. దారి చూపేవారు డ్రైవరుకు అద్దంలో కనిపించేలా నిలబడాలి. వారు కనిపించకపోతే వెంటనే వాహనాన్ని ఆపాలి.